కుర్చీ వెనకాల మనిషి బరువు

1వ రోజు. ఒరుగు: పడమరకు 0.2 డిగ్రీలు.

నా భార్య తాయారు పోయి ఇరవై మూడు రోజులు. ఇవాళ బరువుల కార్యాలయం నుంచి కాగితం వచ్చింది.

సముద్రం మీద తేలే మా తెప్పపురంలో మనిషికి మూడు టన్నులు. ఒళ్ళు, ఇల్లు, గిన్నెలు, తాగే నీళ్ళు అన్నీ కలిపి. మనిషి పోతే ఆ మూడు టన్నులూ అరవయ్యో రోజుకల్లా ఊరికి తిరిగివ్వాలి. అంటే మా రెండు కంటైనర్లలో తాయారు పేరున ఉన్నదాన్ని బోల్టులు విప్పి తీసుకెళ్ళి, ఉత్తరాన అలలకు అడ్డంగా ముంచేస్తారు.

ఈ నిబంధన రాసింది నేనే. ఇరవై ఆరేళ్ళు ఈ ఊరి తూకం ఇంజనీరుగా పనిచేశాను. అప్పట్లో చాలా సబబుగా అనిపించింది.

మినహాయింపూ నేనే రాశాను. పోయినవారి వాటాను ఊరందరికీ పనికొచ్చేదానికి వాడితే ఉంచుకోవచ్చు. సంతకం పెట్టిన రోజు నుంచి ముప్పై రోజులు పరీక్ష. ఆ లోపల దానివల్ల ఊరు ఒకటిన్నర డిగ్రీ దాటి మూడుసార్లు ఒరిగితే మినహాయింపు రద్దు. జాబితాలో మూడే ఉన్నాయి: ప్రార్థన మందిరం, బడి, భోజనశాల.

నాకు ప్రార్థన రాదు. పిల్లలంటే భయం. భోజనశాల అని రాసి సంతకం పెట్టాను.

కాగితం తీసుకున్నవాడు మంగరాజు. నా దగ్గర పని నేర్చుకున్నాడు. ఇప్పుడు నా కుర్చీలో ఉన్నాడు.

"గురువుగారూ, మీకు వంట వచ్చా?"

"రాదు."

"మరి ఎలాగండీ?"

"నాకు ఈత కూడా రాదు. ఇరవై ఆరేళ్ళు ఊరిని తేల్చాను."

నవ్వాలో వద్దో తెలియక ముద్ర వేశాడు.

3వ రోజు. ఒరుగు: పడమరకు 0.2.

ఊళ్ళో కంటైనర్లు తొమ్మిది వరుసలు. మావి ఏడో వరుసలో పడమటి చివర. తర్వాత సముద్రమే.

ఇవాళ నా కంటైనర్‌కు కిటికీలు కోయించాను. కోస్తే వచ్చిన ఇనప రేకు నూట నలభై కిలోలు. దాన్ని కార్యాలయానికి తిరిగిచ్చి, అంత బరువుకీ కుర్చీలు, మడత బల్లలు తెచ్చుకున్నాను. కిటికీ ఎంత పెద్దదైతే అంతమంది కూర్చోవచ్చు. ఇరవై నాలుగు కుర్చీలు వచ్చాయి. నాది భోజనాల గది. తాయారుది వంటశాల.

నాలుగో వరుస నుంచి పైడితల్లి అనే ఆవిడ వచ్చింది. యాభై దాటి ఉంటుంది. గుమ్మంలో నిలబడి లోపలంతా ఓసారి చూసింది.

"వంటమనిషి కావాలన్నారంట."

"అవును. ఏమేం వండుతావు?"

"ఏటుంటే అది ఒండుతాను. మీరేటి తింటారు?"

"వంటపెట్టె ఏమిస్తే అది."

వంటపెట్టె అందరిళ్ళలోనూ ఉంది. పొడి పోసి మీట నొక్కితే పప్పు, కూర, పచ్చడి వస్తాయి. ఒకటే పొడి, మూడు రంగులు.

"పాపం తాయారమ్మగారు" అంది పైడితల్లి. చెంగు బిగించి లోపలికి వెళ్ళింది. ఉద్యోగం ఇచ్చానో ఆవిడే తీసుకుందో తెలియలేదు.

6వ రోజు. ఒరుగు: పడమరకు 0.2.

తెరిచే ముందు తూకం వేయించాలి. క్రేను తాయారు కంటైనర్‌ను ఒక అడుగు ఎత్తి దింపింది.

"తమరి వంటశాల తొంభై ఆరు కిలోలు అధికంగా ఉన్నది" అంది త్రాసు.

ఊరి బరువులన్నీ చూసే యంత్రాన్ని మేం త్రాసు అంటాం. ప్రతి వరుసలోనూ దానికో గొంతుంది. ఆ మర్యాద దానికి నేర్పింది నేనే. ఇప్పుడు విసుగొస్తోంది.

"తమరు వ్యాయామం చేయుచున్నారా?" అని కూడా అడిగింది. అది నేను నేర్పలేదు. మంగరాజు పని.

పైడితల్లి ఒక్కో వస్తువూ బయట పెట్టింది. చివరికి గుమ్మం పక్కన పీట ఒకటి మిగిలింది. తాయారు దానికి పూలగుడ్డ కప్పి, పైన దిండు కుట్టింది. పదకొండేళ్ళు రోజూ దాని మీద కూర్చుని బూట్లు వేసుకున్నాను.

పైడితల్లి పీటను లేపబోయింది. కదల్లేదు. గుడ్డ లాగేసింది.

రోలు. నల్లరాతి రోలు. సగం నేలలోకి దించి, చుట్టూ చెక్క కొట్టించి ఉంది. లోపల పచ్చడి బండ.

తెప్పపురంలోకి రాయి తేకూడదు. అది ఊరి మొట్టమొదటి నిబంధన. నా చేతిరాతలో ఉంది.

నేను దాని మీదే కూర్చున్నాను. కాసేపటికి ఒక్కొక్కటీ తెలిసింది. పదకొండేళ్ళుగా ఏడో వరుసలో ఓ తేడా ఉండేది. పంపులతో ఎంత సరిచేసినా తొంభై, వంద కిలోలకు లెక్క తేలేది కాదు. పంపులు చేసినవాళ్ళను తిడుతూ నాలుగు ఉత్తరాలు రాశాను. రాస్తున్నంతసేపూ తాయారు పక్కన నిలబడి కాఫీ ఇచ్చింది. రెండో ఉత్తరంలో 'నిర్లక్ష్యం' అన్న మాట ఆమె చెప్పిందే.

ఇంకోటి. మా వంటపెట్టె అందరిదానికంటే మంచిదని ఊరంతా చెప్పుకునేవాణ్ణి. పచ్చడి అంత బాగా చేసేది.

"ఏటి సేద్దాం బాబూ?" అంది పైడితల్లి.

"వంటపాత్ర ఒకటి" అని త్రాసుకు చెప్పాను.

"పదార్థము తెలియజేయగలరు."

"పాతది."

"పాతది అను పదార్థము నా పట్టికలో లేదు."

"చేర్చు."

చేర్చింది. నా మంచం, బీరువా, పుస్తకాలు ఊరికి ఇచ్చేశాను. తొంభై ఏడు కిలోలు వచ్చాయి. ఒక కిలో నాకే మిగిలింది. రేపటి నుంచి బల్లల మీద పడక.

9వ రోజు. ఒరుగు: పడమరకు 0.3.

తెరిచాం. ఆరుగురు వచ్చారు. జాలిపడి వచ్చారని ముఖాలు చూస్తే తెలుస్తోంది. పప్పు, చారు, పెరుగు, దోసకాయ పచ్చడి. కాయలు మా పైకప్పు మీద పాదువే.

పచ్చడి నోట్లో పెట్టుకోగానే ఆరుగురూ మాట ఆపేశారు. మూడో వరుస చంద్రకాంతమ్మ గారు కళ్ళు మూసుకుని, "ఇందులో పలుకులు తగులుతున్నాయేమిటండీ" అంది.

"యంత్రం కొత్తది" అన్నాను.

"పలుకులిచ్చే యంత్రమా! మాకూ ఒకటి చెప్పండి."

వాళ్ళు వెళ్ళాక నేనూ రుచి చూశాను. తాయారుదానిలో ఉప్పు ఇంకొంచెం ఉండేది.

11వ రోజు. ఒరుగు: పడమరకు 1.6. మొదటిసారి.

లెక్క ముందే వేసుకున్నాను. ఇరవై నాలుగు కుర్చీలు, మనిషికి అరవై అయిదు కిలోలు. కుర్చీలన్నీ నిండినా ఊరు సున్నా పాయింటు ఎనిమిది డిగ్రీలకు మించి ఒరగకూడదు. మధ్యాహ్నం పన్నెండున్నరకు త్రాసు గంట కొట్టింది. ఒకటి పాయింటు ఆరు. విస్తళ్ళలో చారు పడమటి అంచుకు పారింది. పడమరవైపు కూర్చున్నవాళ్ళకు ఒళ్ళో పడింది.

నా లెక్క తప్పదు. భోజనాల గదిలోకి వెళ్ళి చూశాను.

ప్రతి కుర్చీ వెనకాలా ఓ మనిషి నిలబడి ఉన్నాడు. కొన్నింటి వెనక ఇద్దరు. అందరి చేతులూ కుర్చీ వీపు మీద ఉన్నాయి. తినేవాళ్ళకు అది ఇబ్బందిగా ఉన్నట్టే లేదు. గుమ్మం అవతల ఇంకో ముప్పై మంది ఎవరి వెనక నిలబడాలా అని చూస్తున్నారు.

డెబ్భై ఏళ్ళ క్రితం నేలమీద పెళ్ళిళ్ళలో మొదటి బంతి తింటుంటే రెండో బంతివాళ్ళు ఇలాగే నిలబడేవారట. నేల పోయింది. తెప్పపురంలో పెళ్ళిభోజనమే లేదు, పొడి పొట్లం ఇస్తారు. ఈ అలవాటు మాత్రం ఎవరూ నేర్పకుండానే ఎక్కడినుంచో వచ్చింది. నా పట్టికల్లో లేదు.

12వ రోజు. ఒరుగు: పడమరకు 1.3.

చెప్పి చూశాను. తొమ్మిదో వరుస వరహాలయ్య గారు ఎనభై ఏళ్ళ మనిషి. ఓ కుర్చీ వెనక నిలబడి ఉన్నారు.

"పెద్దాయనా, మీరు ఇంటి దగ్గర కూర్చోండి. కుర్చీ ఖాళీ కాగానే కబురు పంపిస్తాను."

"నేను వెళ్తే ఈ కుర్చీ నాదని ఎవరికి తెలుస్తుంది?"

"నేను రాసుకుంటాను."

"నువ్వు రాసుకుంటావు నాయనా. వాడు కూర్చుంటాడు."

'వాడు' అంటే పక్క కుర్చీ వెనకాయన. ఆయన వరహాలయ్య గారికి తమ్ముడే.

"అయినా ఎంతసేపు? చారు అయిపోయింది, పెరుగులోకి వచ్చాడు" అని వరహాలయ్య గారు ముందుకు వంగి కూర్చున్నవాడి విస్తరి చూశారు. "ఏరా, మళ్ళీ పచ్చడి వేయించుకుంటున్నావేమిటి? పెరుగులోకి వచ్చాక వెనక్కి పోతావా? పద్ధతేనా ఇది?"

కూర్చున్నవాడు తలెత్తకుండా, "తాతా, నీ చెయ్యి నా భుజం మీద ఉంది. తీస్తే తొందరగా తింటాను" అన్నాడు.

14వ రోజు. ఒరుగు: పడమరకు 1.7. రెండోసారి.

నా తెలివికి ఫలితం ఇది. చీటీలు పెట్టాను. వేచి ఉండేవాళ్ళు ఒకటో వరుస తూర్పు చివర వరుసగా నిలబడాలి. నంబరు పిలిస్తే రావాలి. అలా చేస్తే తినేవాళ్ళ బరువుకు ఆగేవాళ్ళ బరువు సరిపోతుంది. కాగితం మీద చాలా అందంగా ఉంది.

పన్నెండు గంటలకు తూర్పున వరుస కట్టారని త్రాసు చెప్పింది. సంతోషించాను. పన్నెండుంపావుకు గంట కొట్టింది.

"తూర్పున ఎంతమంది ఉన్నారు?" అని అడిగాను.

"ముప్పై ఒక్క మంది, క్రమశిక్షణతో."

"వాళ్ళ బరువు?"

"తొమ్మిది కిలోలు."

వెళ్ళి చూశాను. ఒకటో వరుసలో ముప్పై ఒక్క జతల చెప్పులు ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి. మనుషులు వట్టి కాళ్ళతో మా కుర్చీల వెనక ఉన్నారు.

"చెప్పులు ఉన్నాయి కదండీ, మా వంతు ఎక్కడికి పోతుంది?" అంది చంద్రకాంతమ్మ గారు.

ఇంకొక్కసారి. పదహారు రోజులు మిగిలి ఉన్నాయి.

17వ రోజు. ఒరుగు: పడమరకు 1.4.

కుర్చీలన్నీ గోడకు ఆనించాను. వెనక చీమ కూడా నిలబడలేదు.

ముందు నిలబడ్డారు. తినేవాడి ముఖంలోకి చూస్తూ. "ఆ ముక్క తీసెయ్యి, అది మిరపకాయ", "చారు ఇంకా పోసుకోలేదేం", "ఇంత నెమ్మదిగా తింటే అరగదు" అని సలహాలు. ఐదో వరుస బడి పంతులమ్మ సుభాషిణికి రోషం వచ్చింది. మెతుకు మెతుకు లెక్కపెడుతూ గంటా పది నిమిషాలు తింది. ఆవిడ ఎదురుగా నిలబడ్డవాళ్ళు ఏడుగురయ్యారు. ఏడుగురూ పట్టుదలకు పోయారు.

కుర్చీలు మళ్ళీ మధ్యకు జరిపాను.

19వ రోజు. ఒరుగు: పడమరకు 1.45.

వేరే దారి లేక పైడితల్లిని అడిగాను.

"కాస్త రుచి తగ్గించగలవా?"

"ఏటన్నారు?"

"పచ్చడి వంటపెట్టెలో చెయ్యి. జనం తగ్గితే చాలు. పదకొండు రోజులే."

గరిటె కింద పెట్టింది. 

"బాబూ, నా పెనిమిటి నన్ను నానా మాటలూ అన్నాడు. ఈ మాట మాత్రం అననేదు."

అయినా చేసింది. బూడిదరంగు ముద్ద ఒకటి వడ్డించింది, మొహం తిప్పుకుని.

మధ్యాహ్నానికి జనం తగ్గకపోగా ఇంకొంచెం పెరిగారు. తినడానికి వచ్చినవాళ్ళు సగం. పచ్చడికి ఏమైందని అడగడానికి వచ్చినవాళ్ళు సగం. పైడితల్లికి ఒంట్లో బాగాలేదేమో అని మూడిళ్ళవాళ్ళు కషాయం తెచ్చారు. ఆవిడ గుమ్మంలో నిలబడి అందరికీ నన్ను చూపించింది.

డిగ్రీలో ఐదు వందో వంతుల తేడాతో బయటపడ్డాం. రేపటి నుంచి రోలే.

23వ రోజు. ఒరుగు: పడమరకు 1.3.

మంగరాజు తనిఖీకి వచ్చాడు. లోపల పైడితల్లి నూరుతోంది. నేల అదురుతోంది.

"ఏమిటండీ ఆ చప్పుడు?"

"ఇంజను."

"ఇంగువ వాసన వస్తోందండీ ఇంజను."

వంటశాలలోకి వెళ్ళాడు. నేను అడ్డుకోలేదు. రోలు చూశాడు. నా వైపు చూశాడు. మళ్ళీ రోలు చూశాడు.

"ఏడో వరుస తేడా" అన్నాడు మెల్లగా. కుర్రతనంలో ఆ తేడా వెతకమని వాణ్ణి మూడు నెలలు అడుగు తొట్లలో పాకించాను. "గురువుగారూ, నా మోకాళ్ళు ఇప్పటికీ నొప్పి."

"నాకూ ఈ నెలే తెలిసింది."

"అమ్మగారు అప్పుడు నా మోకాళ్ళకు నూనె రాశారండీ. పాపం, పాపం అంటూ."

 ఆ తర్వాత మంగరాజు నవ్వడం మొదలుపెట్టాడు. ఆపలేకపోయాడు. పైడితల్లి ఓ ఆకులో పచ్చడి, వేడి అన్నం పెట్టి చేతికిచ్చింది. తిన్నాడు. పుస్తకంలో 'పాతది, ఒకటి' అని రాసుకున్నాడు.

వెళ్ళేముందు గుమ్మంలో ఆగాడు.

"రాయి సంగతి నేను చూడలేదు. ఒరుగు మాత్రం త్రాసు చూస్తుందండీ. మూడోసారి గంట మోగితే నా చేతిలో ఏమీ లేదు. అమ్మగారి కంటైనర్ ఆ సాయంత్రమే విప్పాలి."

"తెలుసు. నేనే రాశాను."

25వ రోజు. ఒరుగు: పడమరకు 1.2.

ఇవాళ ఏమీ చేయలేదు. గుమ్మంలో కూర్చుని జనాన్ని చూశాను.

ఇరవై ఆరేళ్ళు ఊరు అటు ఒరిగితే ఇటు, ఇటు ఒరిగితే అటు సముద్రపు నీళ్ళు తోడాను. పంపులు చెడిపోయేవి. నీళ్ళు పోయాల్సిన తొట్టిలోకి కాక పక్క తొట్టిలోకి పోయేవి. ఈ జనం అలా కాదు. పన్నెండు కాగానే వస్తారు. ఎక్కడ నిలబడతారో ముందే చెప్పగలను. ఎంత చెప్పినా కదలరు. ఇంత నమ్మకమైన బరువు నా ఉద్యోగంలో ఎప్పుడూ చూడలేదు.

వాళ్ళను కుర్చీ నుంచి కదపలేను. కుర్చీనే కదిపితే?

వరుసలన్నిటి ముందూ పట్టాలున్నాయి, మా రెండు కంటైనర్లూ వాటి చివరనే బోల్టులతో బిగించి ఉన్నాయి. కంటైనర్లను ఊళ్ళోకి తెచ్చింది వాటి మీదే. సాయంత్రం పట్టాలకు గ్రీజు పెట్టాను. అనుమతి అడిగితే నెల పడుతుంది. ఆ గడువు పెట్టిందీ నేనే.

28వ రోజు. ఒరుగు: రాయడానికి చాలా ఉంది.

భోజనశాల మూసేస్తారట అని ఊళ్ళో పుకారు పుట్టింది. పదకొండున్నర నుంచే ఊరంతా ఒక్కొక్కరుగా రావడం మొదలైంది. నాలుగు వందల పన్నెండు మందిలో మంచాన ఉన్నవాళ్ళు తప్ప.

గుమ్మం మెట్టెక్కి చెప్పాను. "మీరిలా అందరూ ఒకేసారి రావడం వల్లే మూసేస్తారు."

"అందుకే కదండీ తొందరగా వచ్చాం" అంది చంద్రకాంతమ్మ గారు.

ఒకటి పాయింటు రెండు. ఒకటి పాయింటు మూడు. త్రాసు మర్యాదగా చదువుతోంది. పడమటి అంచున అలలు మెట్టు తడుపుతున్నాయి.

స్పానరు తీసుకుని కిందికి దిగాను. మొదటి బోల్టు విప్పుతుంటే తల మీద కిటికీలోంచి మంగరాజు తొంగి చూశాడు.

"గురువుగారూ, అనుమతి లేకుండా బోల్టు విప్పకూడదండీ."

"రాసుకో."

"రాసుకోవాలంటే చెయ్యి కావాలి. కుర్చీ పట్టుకుని ఉన్నానండీ."

"వదులు."

వాడు వెనక్కి చూశాడు. వెనక నలుగురున్నారు. "తర్వాత రాసుకుంటాను" అన్నాడు.

రెండు కంటైనర్లకూ కలిపి పదహారు బోల్టులు. ఒకటి పాయింటు నాలుగు దగ్గర ఆఖరుది ఊడింది. తాడు లాగే మోటారు తిప్పాను. వంటశాల, దాని వెనక భోజనాల గది, పట్టాల మీద తూర్పుకు కదిలాయి. నడిచే మనిషికంటే నెమ్మదిగా.

"ఏటి బాబూ, ఇల్లు పోతోంది!" అని పైడితల్లి లోపల్నుంచి అరిచింది.

"నూరుతూ ఉండు!"

నూరింది. ఆ చప్పుడు ముందు వెళ్తుంటే ఊరంతా వెనక వచ్చింది. లోపల ఇరవై నలుగురు తింటూనే ఉన్నారు. బయటివాళ్ళు కిటికీల్లోంచి చేతులు పెట్టి, ఎవరి కుర్చీ వాళ్ళు పట్టుకుని పక్కన నడిచారు. వరహాలయ్య గారు చేతికర్ర తమ్ముడికిచ్చి రెండు చేతులతో కుర్చీ పట్టుకున్నారు. నీళ్ళ తొట్టి అడ్డొచ్చిన చోట మాత్రం ఒక్క క్షణం వదిలి, అవతలివైపు పరుగెత్తి మళ్ళీ పట్టుకున్నారు. ఎనభై ఏళ్ళ మనిషి పరుగెత్తడం ఇదే చూడటం.

"ఒకటి పాయింటు రెండు" అంది త్రాసు. "సున్నా పాయింటు తొమ్మిది. సున్నా పాయింటు అయిదు." ఊరి నడిమధ్యకు వచ్చేసరికి, "సున్నా" అంది. కాసేపు ఆగింది. అంతకుముందు అది ఆగడం నేను వినలేదు.

"తమరు ఏ పంపు వాడుచున్నారు?"

"పచ్చడి" అన్నాను.

మోటారు ఆపాను. విస్తళ్ళలో చారు ఎక్కడ పోస్తే అక్కడే ఉంది.

29వ రోజు. ఒరుగు: 0.0.

మంగరాజు నిబంధనల పుస్తకం పట్టుకొచ్చాడు. రాత్రంతా చదివినట్టున్నాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"కదిలే భోజనశాల అని ఎక్కడా లేదండీ. కదిలేది ఒకటే ఉంది. సమతూకపు సామగ్రి. పంపులు, తొట్లు, వగైరా."

"అలాగే రాయి."

"అలా రాస్తే ఇక ఎవరూ ముంచలేరు. ఊరు తేలుతున్నంతకాలం ఉంటుంది. రోజూ పొద్దున్న త్రాసు ఎక్కడ బరువు కావాలంటే అక్కడికి తీసుకెళ్ళి పెట్టాలి." ఓ పేజీ తిప్పాడు. మళ్ళీ వెనక్కి తిప్పాడు. "ఒక చిక్కుందండీ. సామగ్రి మనుషుల పేరు మీద ఉండదు. అమ్మగారి పేరు తీసెయ్యాలి. మీరే చెప్పి తీయించాలి."

ఆ నిబంధన ఎవరు రాశారని వాడు అడగలేదు. నేనూ చెప్పలేదు.

30వ రోజు. ఒరుగు: తూర్పుకు 0.1.

పొద్దున్నే త్రాసు ముందు నిలబడ్డాను.

"తాయారు గారి పేరిట మూడు టన్నులు. పేరు తొలగించమందురా?"

"ఒక్క నిమిషం."

నిమిషం దాటితే అభ్యర్థన రద్దయ్యేలా దాన్ని తయారుచేశాను. నిమిషం దాటింది. త్రాసు రద్దు చేయలేదు.

"తమరు ఇంకొంత సమయం తీసుకొనవచ్చును" అంది. ఇది నేను నేర్పలేదు. తర్వాత మంగరాజును అడిగాను. తనూ నేర్పలేదన్నాడు.

తీసుకున్నాను. తర్వాత, "తొలగించు" అన్నాను.

"తొలగించితిని. సమతూకపు సామగ్రి, పద్నాలుగో నంబరు. నేటి స్థానము: రెండో వరుస ఎదుట."

మోటారు తిప్పి రెండో వరుస ముందుకు చేర్చాను. అక్కడివాళ్ళు తెల్లవారుజామునుంచే భోజనశాల తమ వరుసకు రావాలని ఊరి అవతలి పక్కకు చేరి నిలబడ్డారని, అందుకే త్రాసు అటు పంపిందని ఆ తర్వాత తెలిసింది. త్రాసును మోసం చేయడం ఈ ఊరికి ఇప్పుడు బాగా తెలిసిపోయింది.

పైడితల్లి పొయ్యి వెలిగించింది.

"బాబూ, ఇయ్యాల ఏటి ఒండమంటారు?"

ఈ నెలంతా ఆవిడ అడగలేదు. ఏది పడితే అది వండింది. తాయారు మాత్రం ముప్పై ఒక్క ఏళ్ళు రోజూ పొద్దున్నే అడిగింది. పుస్తకంలోంచి తలెత్తకుండా ప్రతిసారీ ఒకే మాట అన్నాను.

"ఏదో ఒక..." అని ఆగిపోయాను.

పైడితల్లి గరిటె పట్టుకుని చూస్తోంది.

"కాకరకాయ" అన్నాను.

"పులుసా? వేపుడా?"

"ఉండు, ఆలోచించుకోనీ."

"తొందరగా సెప్పండి బాబూ. ఇంకా విస్తళ్ళే ఎయ్యలేదు, అప్పుడే కుర్చీల ఎనకాల నిలబడిపోనారు."